నిలకడకు పరీక్ష: గుంటూరు గ్రహణం, బేగంపేట ఆకాశం, గోల్‌బజార్ రాత్రి

ఫోటోగ్రఫీలో కటకం గుండా వచ్చే వెలుగు ప్లేటు మీదనో, ఫిల్ము మీదనో, సెన్సర్ మీదనో పడే కాలాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. ఆ కాలం సెకనులో ఏ వందో వంతో కాక కొన్ని సెకన్లు, నిమిషాలు, ఒక్కొక్కప్పుడు గంటల దాకా సాగితే దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్ అంటారు. పారే నీటిని చూపడానికో, రాత్రి రోడ్డు మీద వాహనాల దీపాలను వెలుగు గీతలుగా నిలపడానికో ఈనాటి ఛాయాచిత్రకారులు దీన్ని కోరి ఎంచుకుంటున్నారు గాని, ఈ కళ పుట్టిన రోజుల్లో రసాయనాలు వెలుగుకు చాలా నిదానంగా స్పందించేవి కనుక అది తప్పనిసరి. ఫ్రాన్సులో నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన కిటికీ నుంచి తీసిన దృశ్యానికి కనీసం ఎనిమిది గంటలు పట్టి ఉంటుందని అంచనా. 1838లో డాగేర్ పారిస్‌లోని ఒక పెద్ద వీధిని తీసినప్పుడు, కదులుతున్న మనుషులూ బండ్లూ ఏవీ ప్లేటు మీద ముద్ర వేయలేకపోగా, బూట్లు పాలిష్ చేయించుకోవడానికి ఒకేచోట నిలబడిన మనిషి రూపం మాత్రం దక్కింది.

వెలుగు తక్కువగా ఉన్నప్పుడు కటకాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచితే సరిపోతుందని పైకి తోస్తుంది. అసలు కష్టం ఆ తెరిచి ఉంచిన కాలంలో ఉంది. కెమెరా కదలకూడదు, వస్తువు కదలకూడదు లేదా దాని కదలికను కెమెరా సరిగ్గా అనుసరించాలి, వెలుగును పట్టే పొర తన గుణాన్ని మార్చుకోకూడదు. ఈ మూడు నిలకడల్లో ఏది చెడినా చిత్రం చెడుతుంది. తెలుగు నేల మీద ఈ సాధన చరిత్ర చాలా గొప్పది, కాని మన ఛాయాచిత్రకళా చరిత్రల్లో రాజదర్బారు చిత్రాలకు దక్కిన చోటు దీనికి దక్కలేదు.

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసింది గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కను మీదుగా తీరాంధ్రను దాటినప్పుడు, ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బ్రిటిష్ సైనికాధికారి జేమ్స్ ఫ్రాన్సిస్ టెనంట్ వేర్వేరు బృందాలతో గుంటూరులో పరికరాలు నెలకొల్పగా, మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. జాన్సెన్ వర్ణపటదర్శినితో చేసిన పరిశీలనలు శాస్త్ర చరిత్రలో ప్రసిద్ధికెక్కాయి. టెనంట్ బృందం 9 అంగుళాల వెండిపూత అద్దం ఉన్న దూరదర్శినితో చేసిన ఫోటోగ్రఫీ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఆనాడు వాడుకలో ఉన్నది 1851లో ఆర్చర్ వెల్లడించిన తడి ప్లేటు పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పరచి, వెంటనే చీకటిగదిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, ఎక్స్‌పోజర్ అయిన తరువాత తడి ఆరకముందే డెవలప్ చేయాలి. కొలోడియన్‌లోని ఈథర్, ఆల్కహాల్ వేడికి త్వరగా ఆవిరవుతాయి కనుక, చల్లని దేశాల్లో పావుగంట దాకా చిక్కే వ్యవధి మన ఎండల్లో మరీ కుదించుకుపోతుంది. అంటే తడి ప్లేటు మీద ఎక్స్‌పోజర్‌కు హద్దు విధించేది వెలుగు ఒక్కటే కాదు, ఆ పూట గాలిలోని వేడి కూడా. గుంటూరులో సంపూర్ణ గ్రహణం నిలిచింది ఐదు నిమిషాలకు కొంచెం పైన మాత్రమే. ఆ స్వల్ప వ్యవధిలో ఒకరు ప్లేటు సిద్ధం చేసి అందిస్తుంటే, ఒకరు దూరదర్శినికి అమర్చి తీస్తుంటే, మరొకరు డెవలప్ చేస్తుంటే తప్ప పని సాగదు. అనుకున్న ఆరు ప్లేట్లనూ ఆ బృందం తీయగలిగింది. అయితే సూర్యుడికి అడ్డంగా వచ్చిన పలుచని మబ్బు వల్ల, సూర్యుని అంచున ఎగసే జ్వాలలు తప్ప, వాటి చుట్టూ మసకగా పరచుకునే కరోనా కాంతి దాదాపు ప్లేటుకు ఎక్కలేదు. మబ్బు అడ్డు రాకపోయినా ఒక చిక్కు మిగిలే ఉండేది. జ్వాలలు కాంతివంతమైనవి, కరోనా బయటి అంచు బహు మందమైనది. కరోనాకు తగినంతసేపు తెరిచి ఉంచితే జ్వాలలు తెల్లని మచ్చగా కలిసిపోతాయి, జ్వాలలకు తగినట్టు తీస్తే కరోనా కనిపించదు. ఒకే ఎక్స్‌పోజర్‌తో రెండూ దక్కవు.

1871లో మాడాక్స్ సూచించిన జిలాటిన్ పొడి ప్లేటు దశాబ్దం తిరగకముందే వాణిజ్యపరంగా దొరకడంతో ఈ తడి ఆరాటం తీరిపోయింది. 1886 ప్రాంతంలో సికింద్రాబాదులో స్టూడియో తెరిచిన లాలా దీన్‌దయాళ్ కాలానికి ఎక్స్‌పోజర్ బాగా తగ్గినా, కిటికీ వెలుగుతో తీయవలసిన భవనాల లోపలి భాగాలకు మాత్రం దీర్ఘకాలం అవసరమవుతూనే ఉంది. 19వ శతాబ్ది స్టూడియోల్లో కూర్చున్నవారి తల కదలకుండా వెనుక ఇనుప స్టాండు ఆనించడం ఉండేది. ఆనాటి చిత్రాల్లో ముఖాలు బిగుసుకుపోయినట్టు కనిపించడానికి మర్యాదతో పాటు ఈ అవసరం కూడా కారణం.

పొడి ప్లేటు వల్ల అసలైన లాభం పొందినవారు ఖగోళ శాస్త్రజ్ఞులు. ప్లేటు ఆరిపోతుందన్న భయం పోయాక ఎక్స్‌పోజర్‌ను గంట దాకా సాగించవచ్చు. కంటికి ఆ వరం లేదు. ఎంతసేపు చూసినా కన్ను వెలుగును కూడబెట్టుకోలేదు, ప్లేటు కూడబెట్టుకుంటుంది. 1880లో హెన్రీ డ్రేపర్ మృగశిర నిహారికను 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీయగా, 1882లో దక్షిణాఫ్రికాలో డేవిడ్ గిల్ పర్యవేక్షణలో తీసిన తోకచుక్క ఫోటోలలో వెనుకనున్న నక్షత్రాలు గుంపులు గుంపులుగా పడటంతో ఆకాశమంతటినీ ఫోటోగ్రఫీతోనే లెక్కగట్టవచ్చన్న ఆలోచన బలపడింది. 1887లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో రూపుదిద్దుకున్న ఆకాశ పటం పథకం, కార్త్ దు సియెల్, దాని ఫలితమే. ప్రపంచంలోని దాదాపు 20 అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి.

హైదరాబాదు ఈ పథకంలోకి ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండులో చదువుకున్న నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండ వద్ద తన ఎస్టేటులో అబ్జర్వేటరీ నెలకొల్పి, నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరుపెట్టాడు. 1907లో ఆయన మరణించాక ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకోగా, 1908లో వచ్చిన తొలి డైరెక్టర్ చాట్‌వుడ్ కాలంలో అది బేగంపేటకు మారింది. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్, అంటే నక్షత్రాల ఫోటోలు తీయడానికే రూపొందించిన దూరదర్శిని, అక్కడ నిలిచింది. చిలీలోని శాంటియాగోకు కేటాయించినా పూర్తికాని దక్షిణ 17 నుంచి 23 డిగ్రీల పట్టీని హైదరాబాదు చేపట్టింది. ఈ కేటాయింపులో భూగోళ న్యాయం ఉంది. దక్షిణ 20 డిగ్రీల నక్షత్రం హైదరాబాదులో దిగంతానికి సుమారు 52 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, అదే లండన్‌లో 19 డిగ్రీలు కూడా దాటదు. దిగంతానికి దగ్గరైన నక్షత్రపు వెలుగు దట్టమైన గాలిపొరల గుండా వచ్చి వంగిపోతుంది కనుక దాని స్థానాన్ని కచ్చితంగా కొలవడం కష్టం.

పథకపు నియమాల ప్రకారం 16 సెంటీమీటర్ల చదరపు ప్లేటు మీద ఆకాశంలో రెండు డిగ్రీల వెడల్పు పడుతుంది, ఒక మిల్లీమీటరు ఒక కోణీయ నిమిషానికి సమానం. భూభ్రమణం వల్ల ఆకాశ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం సెకనుకు 15 కోణీయ సెకన్లు జరుగుతుంది. దూరదర్శినిని కదలకుండా ఉంచితే 20 సెకన్లలోనే ఆ చుక్క ప్లేటు మీద 5 మిల్లీమీటర్ల గీతగా, ఆరు నిమిషాల్లో 9 సెంటీమీటర్ల గీతగా మారుతుంది. కాబట్టి ఇక్కడ నిలకడ అంటే కదలకపోవడం కాదు, ఆకాశంతో సమానంగా కదలడం. బరువు దిగుతుండగా తిరిగే గడియార యంత్రం దూరదర్శినిని పడమరకు నడిపేది, కాని ఏ పళ్లచక్రమూ పూర్తిగా సమం కాదు కనుక, జంటగా అమర్చిన మరో దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని సాలెపోగుల కూడలి మీద నిలిపి, అది జరిగినప్పుడల్లా పరిశీలకుడు చేత్తో సరిదిద్దుతూ ఉండాలి. దీన్నే గైడింగ్ అంటారు. ఈ అజ్ఞాత శ్రమే లాంగ్ ఎక్స్‌పోజర్ చరిత్రకు వెన్నెముక. అక్కడ పనిచేసిన సహాయకుల పేర్లు పుస్తకాల అట్టల మీదకు ఎక్కకపోయినా, ప్లేటు మీద పడిన ప్రతి గుండ్రని చుక్కా ఆ చేతి ఓర్పుకు రుజువు.

ఒకే ప్లేటు మీద కొద్దిగా పక్కకు జరుపుతూ ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, 20 సెకన్లు చొప్పున మూడు ఎక్స్‌పోజర్లు ఇచ్చేవారు. కాంతివంతమైన నక్షత్రానికి ఆరు నిమిషాల ముద్ర మరీ ఉబ్బిపోయి కొలవడానికి పనికిరాకపోతే 20 సెకన్ల ముద్ర అక్కరకు వస్తుంది. గుంటూరులో ఎదురైన జ్వాలల, కరోనాల చిక్కుకు దొరికిన పరిష్కారం ఇదే. పైగా దుమ్ము కణం ఒక్కటిగా ఉంటుంది, నక్షత్రమైతే జంటగానో మూడుగానో కనిపిస్తుంది కనుక ఏది లోపమో ఏది చుక్కో తేలిపోతుంది. డెవలప్ చేయకముందే ప్లేటు మీద 5 మిల్లీమీటర్ల దూరంలో సన్నని గళ్లను వెలుగుతో ముద్రించేవారు. కడిగి ఆరబెట్టేటప్పుడు జిలాటిన్ పొర సాగినా ముడుచుకున్నా గళ్లు కూడా దానితో పాటే సాగుతాయి కనుక ఆ లోపాన్ని లెక్కలోంచి తీసివేయవచ్చు. 1914 నుంచి పోకాక్, 1918లో ఆయన మరణం తరువాత తొలి భారతీయ డైరెక్టర్ టి.పి. భాస్కరన్ ఈ పనిని నడిపించారు. 1919లో అబ్జర్వేటరీ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయలేకపోయిన ఉత్తర 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా హైదరాబాదే తలకెత్తుకుంది. ఇతర దేశాల్లోని సంస్థలు మధ్యలో వదిలిన పనిని బేగంపేట పూర్తిచేసిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసింది.

మూడో నిలకడ, పొర గుణం, అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది. వెలుగు సగానికి తగ్గితే కాలాన్ని రెట్టింపు చేస్తే చాలునన్న సూత్రం మామూలు వెలుగులో నిజమే గాని, మంద కాంతిలో అది తప్పుతుందని కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 19వ శతాబ్ది చివర నక్షత్ర కాంతిని కొలుస్తూ నిరూపించాడు. సిల్వర్ బ్రోమైడ్ కణం మీద వెలుగు చుక్కలు చుక్కలుగా, మరీ ఎడంగా పడినప్పుడు, మొదట ఏర్పడిన వెండి పరమాణువు రెండోది వచ్చి తోడయ్యేలోపే చెదిరిపోతుంది. అందువల్ల కొన్ని ప్లేట్లకు వెలుగు వందో వంతుకు తగ్గితే కాలాన్ని వంద రెట్లు కాక మూడు వందల రెట్లకు పైగా పెంచవలసి వచ్చేది. దీన్ని రెసిప్రాసిటీ వైఫల్యం అంటారు. ఫిల్ముతో రాత్రి చిత్రాలు తీసినవారందరినీ 20వ శతాబ్దమంతా వేధించిన సమస్య ఇదే. లెక్క ప్రకారం పది సెకన్లిచ్చినా నెగటివ్ పలచగా రావడానికీ, రంగుల ఫిల్ములో ఒక్కో పొర ఒక్కో తీరుగా వెనకబడి రంగు మారిపోవడానికీ కారణం ఇదే.

హైదరాబాదు పట్టీల కొలతలు ఆ తరువాత కూడా పనికివచ్చాయి. హిప్పార్కోస్ ఉపగ్రహం 1989-93 మధ్య సేకరించిన కొలతలను ఆకాశ పటం నాటి స్థానాలతో పోల్చి, ఏ నక్షత్రం ఎటు ఎంత జరిగిందో లెక్కగట్టి, 25 లక్షల నక్షత్రాలతో టైకో-2 పట్టికను 2000లో వెలువరించారు. ప్లేటు ఏ తేదీన, ఏ వేళ తీశారో రాసి ఉంచకపోతే ఈ పోలిక సాధ్యమయ్యేది కాదు.

ఈ మూడు నిలకడలనూ ఈనాటికీ ఒక్కసారిగా పరీక్షించే చోటు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఉన్న గోల్‌బజార్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా, వర్క్‌షాపు పట్టణంగా పెంచడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊరి జీవితంలో తరతరాలుగా భాగం. ఇక్కడి రాత్రిని చిత్రించదలచినవారికి మొదటి అడ్డంకి పట్టాల మీదుగా సాగే బరువైన గూడ్సు బండ్ల అదురు. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాపకుండా, నడిమి కడ్డీ ఎత్తకుండా, గాలికి ఊగే మెడపట్టీ తీసేసి, వేలితో నొక్కక రిమోట్‌తోనో టైమర్‌తోనో షట్టర్ తెరిచి, బండి దాటేదాకా ఆగితే తప్ప ఈ అదురు తప్పదు. రెండోది దీపాల చిక్కు. పండుగ వేళ దుకాణపు బల్బులు తెల్లగా కాలిపోతుంటే వెనుక సందులు నల్లగా మిగులుతాయి. పొడవూ పొట్టీ ఎక్స్‌పోజర్లను విడివిడిగా తీసి కలపడం ఇక్కడా దారి. మూడోది సెన్సర్ గుణం. డిజిటల్ సెన్సర్‌కు రెసిప్రాసిటీ వైఫల్యం లేకపోయినా, వేడెక్కినకొద్దీ వెలుగు లేకుండానే విద్యుత్తును పోగుచేసుకుని మచ్చలు చూపుతుంది. వేసవి రాత్రుల్లో ఇది మరీ ఎక్కువ. కటకానికి మూత పెట్టి అంతే కాలం మరో చిత్రం తీసి, మొదటిదాంట్లోంచి దాన్ని తీసివేస్తే చాలావరకు తగ్గుతుంది. చలికాలంలో కటకం మీద మంచు తేమ పట్టకుండా కాపాడుకోవాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న బజారు స్వభావానికి సంబంధించింది. నిమిషం పాటు తెరిచి ఉంచితే డాగేర్ వీధిలోలాగే గోల్‌బజార్ సందుల్లోనూ నడిచే జనం మాయమై, కట్టడాలూ దీపాలూ మాత్రం మిగులుతాయి. కట్టడ శిల్పాన్ని నమోదు చేయడానికి అది మేలు. వలస వచ్చి బజారును తమదిగా చేసుకున్న మనుషుల చరిత్రకు మాత్రం అది అన్యాయం. అటువంటి పనికి అర సెకను నుంచి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ తగినది, ఎందుకంటే ఆ వ్యవధిలో నిలబడినవారి ముఖాలు తేటగా ఉంటాయి, నడిచేవారు చెరిగిపోకుండా జాడగా మిగులుతారు. అదే చోటు నుంచి వేగవంతమైన షట్టర్‌తో మరో చిత్రం తీసి జతచేసి, రెండింటికీ తేదీ, వేళ, ఎక్స్‌పోజర్, కెమెరా నిలిపిన చోటు రాసి ఉంచితే, పదేళ్ల తరువాత అక్కడే నిలబడి తీసే మరొకరి చిత్రంతో వాటిని పోల్చడానికి వీలవుతుంది.