చిట్టాలో ఖాళీగా మిగిలిన ఊరి పేరు



మన తాతలు తెలంగాణ పల్లెలు విడిచి సోలాపూర్ ఎట్లా చేరారో, ఏ మగ్గం మీద బతికారో ఇంతకుముందు రాశాం. ఈసారి రాస్తున్నది కంప్యూటర్ సంగతి. సంఘం పేజీలో ఇదెందుకని కొందరు అడుగుతారు. కాస్త ఓపికగా చదవండి. మన ఇళ్ల చిట్టాలో ఒక ఇంటి ఎదురుగా సొంతూరు గడి ఇప్పటికీ ఎందుకు ఖాళీగా ఉందో దీనిలోనే ఉంది.

2009లో మన పిల్లల్లో ఒకడు సంఘం కోసం చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఇంటిపేరు, సొంతూరు, ఏ తరంలో ఇక్కడికి వచ్చారు, ఏ కార్ఖానాలో పని చేశారు, ఇంట్లో పాడే పెళ్లి పాటలేమిటి, ఇవన్నీ తెలుగులోనే ఎక్కించుకోవచ్చు. కొన్నాళ్లకు అతను ఉద్యోగానికి పుణె వెళ్లాడు. సంఘానికి రెండో కంప్యూటర్ వచ్చింది. ఇంకో అబ్బాయి ఆ ప్రోగ్రామ్‌ను దాని మీద మళ్లీ మొదటి నుంచి కంపైల్ చేసి ఇచ్చాడు.

ఒక ఆదివారం పదకొండు ఇళ్లవాళ్లను పిలిచి వివరాలు ఎక్కించాం. టైపు చేస్తుంటే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు పడ్డాయి. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఒక టిక్ పెట్టాలని మాకు అప్పటికే తెలుసు. ఇదీ అలాంటి ఫాంటు గొడవేలే, మొదటి కంప్యూటర్‌లో తెరిస్తే బాగానే కనబడుతుంది అనుకుని సాయంత్రం దాకా టైపు చేస్తూనే ఉన్నాం. తీరా అక్కడ తెరిస్తే అక్కడా ప్రశ్నార్థకాలే. అక్షరాలు ఫైల్లోకి చేరనే లేదు.

పది ఇళ్లకు మళ్లీ వెళ్లి రాసుకొచ్చాం. పదకొండో ఇంటి పెద్దాయన ఈలోపు కాలం చేశారు. ఆ రోజు ఆయన చెప్పిన ఊరి పేరు ఆయన పిల్లలకు తెలియదు. మాలో ఎవరికీ గుర్తు లేదు.

తర్వాత కారణం వెతికితే తేలింది ఇది. ప్రోగ్రామ్ తయారీకి వాడే బిల్డ్ ఫైల్‌లో యూనికోడ్ అన్న మాట ఎదురుగా 1 ఉండాల్సిన చోట 0 ఉంది. అంతే. ఆ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు రాస్తారు, అందులో ఆ సున్నా ఎందుకుంది అని అడిగి, చదివి తెలుసుకున్నాం. తెలిసింది మీకూ చెప్తున్నాం.

ముందు మనకు తెలిసిన పనితో పోల్చి చూద్దాం. చద్దర్ మీద నెమలి వేయాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుతారు. దాన్ని చూసి కార్డులకు రంధ్రాలు కొడతారు. ఆ కార్డుల దండ జకార్డ్ మీదికి ఎక్కుతుంది. పక్క కార్ఖానాలో జకార్డ్ వేరే రకమైతే, హుక్కుల లెక్క వేరైతే, ఈ కార్డులు అక్కడ పనికిరావు. నెమలి అదే, గ్రాఫ్ అదే, కార్డులు మాత్రం మళ్లీ కొట్టాలి. ఇది మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు.

కంప్యూటర్‌లోనూ అంతే. మనిషి రాసిన కోడ్ గ్రాఫ్ లాంటిది. దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. వందలాది కోడ్ ఫైళ్లలో వేటిని కంపైల్ చేయాలి, ఏ షరతులతో చేయాలి, చివరికి అన్నిటినీ ఎలా కలపాలి అని చెప్పే చిట్టాయే బిల్డ్ ఫైల్. కంపైలర్ మారితే చిట్టా రాసే పద్ధతీ మారిపోతుంది.

మా అబ్బాయి వాడింది డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్ అనే టూల్‌కిట్. కిటికీలు, బటన్లు, మెనూలు ఒక్కసారి రాస్తే విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిమీదా నడిచేలా చేస్తుంది. దీని పుట్టుక 1992లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో. అక్కడి కృత్రిమ మేధ విభాగంలో జూలియన్ స్మార్ట్ అనే ఆయన హార్డీ అనే ప్రోగ్రామ్ మీద పని చేస్తున్నారు. అది విండోస్ మీదా నడవాలి, యూనిక్స్ యంత్రాల మీదా నడవాలి. అలాంటి టూల్‌కిట్‌లు బజారులో ఉన్నా ధర అందేలా లేదు. దాంతో తానే ఒకటి రాసుకుని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. మొదటి పేరు డబ్ల్యూఎక్స్ విండోస్. డబ్ల్యూ అంటే విండోస్, ఎక్స్ అంటే యూనిక్స్ మీది ఎక్స్ విండో. విండోస్ అన్న మాట తమ ట్రేడ్‌మార్క్ అని మైక్రోసాఫ్ట్ అడగడంతో 2004లో పేరు విడ్జెట్స్‌గా మారింది.

కంపైలర్ గొడవ మొదటి నుంచీ ఉంది. తొలి రోజుల్లో విండోస్ వైపు ఇది మైక్రోసాఫ్ట్ వారి ఎంఎఫ్‌సీ అనే లైబ్రరీ మీద ఆధారపడేది. అప్పట్లో చాలామంది బోర్లాండ్ కంపైలర్ వాడేవారు. ఎంఎఫ్‌సీ తప్పనిసరి అయితే మా సంగతేమిటని వాళ్లు మొర పెట్టుకున్నారు. దాంతో ఆ ఆధారం తీసేసి, నేరుగా విండోస్‌తోనే మాట్లాడేలా ఆ భాగమంతా తిరగరాశారు.

అప్పటి నుంచి విండోస్ మీద ఒక్క కంపైలర్ కాదు, చాలా వచ్చి చేరాయి. మైక్రోసాఫ్ట్ విజువల్ సి++, బోర్లాండ్, వాట్కామ్, డిజిటల్ మార్స్, ఉచితంగా దొరికే మింజీడబ్ల్యూ. ఒక కంపైలర్ తయారు చేసిన సి++ లైబ్రరీ ఇంకోదానికి అతకదు, ఎందుకంటే లోపల పేర్లను ఒక్కోటి ఒక్కో రకంగా మార్చి రాసుకుంటుంది. విజువల్ సి++లోనే 2015కు ముందు ఒక వెర్షన్‌తో చేసింది మరో వెర్షన్‌కు పొసగేది కాదు. 2015 నుంచి 2022 దాకా వచ్చినవి మాత్రం ఒకదానితో ఒకటి కలుస్తాయి. అందుకే ఇలాంటి టూల్‌కిట్ ఇచ్చేవాళ్లు కోడ్‌తోపాటు ప్రతి కంపైలర్‌కూ దాని బిల్డ్ ఫైల్ కూడా ఇవ్వాలి.

ఆ పని ఎంత విసుగో చూడండి. కొత్త కోడ్ ఫైల్ ఒకటి చేరిందంటే దాని పేరు ప్రతి చిట్టాలోనూ ఎక్కాలి. ఒక చిట్టాలో మరిచిపోతే మిగతావాళ్లకు అంతా సవ్యంగానే ఉంటుంది, ఆ కంపైలర్ వాడే వాళ్లకు మాత్రం చివర్లో ఫలానా భాగం దొరకలేదని ఆగిపోతుంది. ఆ మాట రాసినవాళ్ల చెవిన పడేసరికి వారాలు గడిచిపోతాయి. విండోస్‌లో ఒక ఆదేశం ఇంత పొడవే ఉండాలన్న హద్దు కూడా ఉంది. వందల ఫైళ్ల పేర్లు ఒకే వరుసలో పట్టవు. వాటిని వేరే ఫైల్లో రాసి, అందులోంచి చదువుకోమని కంపైలర్‌కు చెప్పాలి. అది చెప్పే తీరు కూడా అన్నిటికీ ఒకటి కాదు.

చేత్తో రాసే ఈ బాధ తప్పించుకోవడానికి మొదట టీమేక్ అనే పనిముట్టు వాడారు. అది తయారు చేసింది నార్వేలోని ట్రోల్‌టెక్, అంటే వీళ్లకు పోటీగా ఉన్న క్యూటీ టూల్‌కిట్ కంపెనీ. పోటీదారు పనిముట్టు అని దూరం పెట్టలేదు. ఆ తర్వాత వాక్లావ్ స్లావిక్ అనే చెక్ దేశస్థుడు బేక్‌ఫైల్ రాశాడు. 2005లో 2.6 వెర్షన్ వచ్చేసరికి టూల్‌కిట్ మొత్తం దానిమీదికి మారింది. పద్ధతి తేలిక. ఫైళ్ల పేర్ల చిట్టా ఒక్కచోటే ఉంటుంది. ఏదైనా మార్చాలంటే అక్కడే మార్చాలి. ఒక్కో కంపైలర్‌కు కావలసిన బిల్డ్ ఫైళ్లను పనిముట్టే రాసిపెడుతుంది. అలా వచ్చిన ఫైళ్లను చేత్తో ముట్టకూడదు. ముట్టినా మరుసటిసారి తయారైనప్పుడు ఆ మార్పు పోతుంది. గ్రాఫ్ వదిలేసి కార్డుకు రంధ్రం కొట్టినట్టే అవుతుంది.

ఇంకో మంచి పని చేశారు. బేక్‌ఫైల్ నీ దగ్గర ఉంటేనే రా అనలేదు. తయారైన బిల్డ్ ఫైళ్లను కూడా కోడ్‌తోపాటే ఇచ్చారు. విండోస్ వాడే కుర్రాడు వేరే ఏదీ తెచ్చుకోకుండా ఒక్క ఆదేశంతో పని మొదలుపెట్టొచ్చు. పాతవాళ్లనూ తొందరగా వదిలిపెట్టలేదు. 2013 నవంబరులో వచ్చిన 3.0 వెర్షన్‌లో 1998 నాటి విజువల్ సి++ 6కు కూడా బిల్డ్ ఫైళ్లు ఉన్నాయి. పదిహేనేళ్ల పాత యంత్రం మీద కూర్చున్నవాడికీ చోటిచ్చారు. ఆ తర్వాత వరుసలో గానీ దాన్ని తీసేయలేదు. సీమేక్ అనే కొత్త పద్ధతి చేరాక కూడా 2022లో వచ్చిన 3.2లో పాత మేక్‌ఫైళ్లు పక్కనే ఉన్నాయి.

ఇప్పుడు మన సున్నా దగ్గరికి వద్దాం.

పాత విండోస్‌లో భాషలకు కోడ్ పేజీలని ఉండేవి. పశ్చిమ ఐరోపా భాషలకు 1252, అరబ్బీకి 1256, థాయ్‌కి 874. మన తెలుగుకు ఆ వరుసలో చోటు లేదు. ఇక్కడి మరాఠీకీ లేదు. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి చేసిన యూనికోడ్‌లో మాత్రం 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే తెలుగు ఉంది. విండోస్ మీద గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది ఎక్స్‌పీలో, 2001లో. అంటే విండోస్‌లో తెలుగుకు యూనికోడ్ ఒక్కటే దారి.

అయితే విండోస్ 95, 98లలో యూనికోడ్ పూర్తిగా పనిచేయదు. ఆ యంత్రాలు ఇంకా లక్షల ఇళ్లలో ఉన్న రోజులవి. అందుకని డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్ 2.8 దాకా రెండు రకాలుగా తయారయ్యేది, యూనికోడ్ ఉన్నది, లేనిది. ఏది కావాలో బిల్డ్ ఫైల్ పక్కనుండే షరతుల ఫైల్లో ఒక్క అంకెతో చెప్పాలి. మనం ఏమీ చెప్పకపోతే అక్కడ ఉండేది 0. పుణె వెళ్లిన అబ్బాయి దాన్ని 1 చేసుకున్నాడు. ఆ మార్పు అతని కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. మాకిచ్చిన పెన్ డ్రైవ్‌లో కోడ్ మాత్రమే ఉంది. రెండో అబ్బాయి ఉన్నది ఉన్నట్టు తయారు చేశాడు. కంపైలర్ ఒక్క తప్పూ చూపలేదు, ఎందుకంటే దాని లెక్కలో అది తప్పు కాదు. మేం కొట్టిన ప్రతి తెలుగు అక్షరానికీ తనకు తెలిసిన కోడ్ పేజీలో చోటు లేక, విండోస్ ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది.

అన్నిటికన్నా బాధపెట్టింది ఇంకొకటి. యూనికోడ్‌తో తయారైన లైబ్రరీ ఫైళ్ల పేర్లలో వెర్షన్ అంకె పక్కన యు అనే అక్షరం ఉంటుంది, లేనివాటిలో ఉండదు. ఏ కంపైలర్‌తో చేశారో కూడా ఫోల్డర్ పేరే చెప్తుంది. ఆ ఆదివారం మా కంప్యూటర్‌లోని ఫైళ్ల పేర్లలో యు లేదు. టూల్‌కిట్ రాసినవాళ్లు పేరులోనే చెప్పి పెట్టారు, చూడాలని తెలియనిది మాకే. ఇందులో వాళ్ల తప్పు లేదు, ఆ అబ్బాయి తప్పూ లేదు. షరతుల కాగితం భద్రపరచాలని అనుకోని సంఘం తప్పు, అంటే మా అందరిదీ.

3.0 నుంచి ఆ 0 గోల తీరింది. ఏమీ చెప్పకపోయినా యూనికోడ్‌తోనే తయారవుతుంది. ఈ రోజు ఆ పని చేసే పిల్లలకు ఈ ప్రశ్నార్థకాలు ఎదురుకావు.

ఈ టూల్‌కిట్ మనకు దూరపు చుట్టం కూడా కాదు. మన ఆడవాళ్ల బతుకమ్మ పాటలు రికార్డు చేసి కత్తిరించే ఆడాసిటీ దీనిమీదే కట్టారు. ప్రోగ్రాముల్లోని మాటలను తెలుగులోకి మార్చేవాళ్లు వాడే పోఎడిట్ కూడా దీనిమీదే నడుస్తుంది. దాన్ని రాసింది కూడా బేక్‌ఫైల్ రాసిన స్లావికే. ఆడాసిటీ పేరు విన్నవాళ్లు లక్షల్లో ఉంటారు. దాని కింద బిల్డ్ ఫైళ్లు సరిచూస్తూ కూర్చున్నవాళ్ల పేరు ఎవరూ అడగరు. మన కార్ఖానాల్లోనూ చద్దర్ మీద షావుకారు పేరుంటుంది, కార్డులు కొట్టినాయన పేరుండదు. ఆయన ఒక రంధ్రం తప్పు కొడితే మాత్రం చద్దర్ పొడవునా కనబడుతుంది.

ఆ తర్వాత సంఘంలో మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ప్రోగ్రామ్ కోడ్, దాని బిల్డ్ ఫైల్, షరతుల ఫైల్ మూడూ కలిసే ఉండాలి, రెండు చోట్ల ఉండాలి. కొత్త కంప్యూటర్ మీద తయారు చేసిన రోజు ముందు ఒక తెలుగు పేరు ఎక్కించి, మూసి, మళ్లీ తెరిచి చూడాలి. ఇక ఎవరి ఇంటి వివరాలైనా ముందు కాగితం మీద రాసి సంతకం తీసుకున్నాకే కంప్యూటర్ దగ్గరికి వెళ్లాలి. మన అసలు గ్రాఫ్ ఆ కాగితమే. దాన్ని చూసి కార్డులు ఎన్నిసార్లైనా కొట్టుకోవచ్చు.

చివరగా ఒక మనవి. ఆ పెద్దాయన ఇంటివాళ్లు పాత పెళ్లి కార్డులు, రేషన్ కార్డులు, తాతగారి కార్ఖానా హాజరు పుస్తకం అన్నీ వెతుకుతున్నారు. ఇంకా దొరకలేదు. ఆ ఆదివారం వచ్చిన పదకొండు ఇళ్లవాళ్లూ ఇది చదువుతుంటే కాస్త గుర్తు చేసుకోండి. మీ వంతు కోసం ఎదురుచూస్తూ బల్ల పక్కన కూర్చున్నప్పుడు ఆయన తన ఊరి సంగతి మీలో ఎవరితోనైనా అని ఉండవచ్చు. ఊరి పేరు పూర్తిగా గుర్తులేకపోయినా ఫరవాలేదు. పక్కనున్న వాగు పేరు, జాతర పేరు, సంత పేరు ఏదైనా సరే, సంఘం ఆఫీసుకు వచ్చి చెప్పండి. ఆ గడి ఇంకా అలాగే ఉంచాం.