కారులోని పసుపు దీపము: దాని పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాదులో ఫిల్మ్ నగర్ నుండి జూబిలీ హిల్స్ చెక్‌పోస్టుకు పోయే దారి మెట్టదారి. కొండరాళ్ళను తొలిచి వేసిన రోడ్లు కావడముచేత పాత కార్లు అక్కడ ఆయాసపడుతూ ఎక్కుతాయి. మా కళాశాలలో రసాయనశాస్త్రము బోధించే మిత్రులొకరు ఆ ప్రాంతమున నివసిస్తున్నారు. ఆయనకు 2014లో కొన్న కారొకటి ఉన్నది. ఒకనాటి ఉదయము చెక్‌పోస్టు దగ్గర సిగ్నలుకై ఆగి ఉండగా, స్టీరింగు వెనుక పలకమీద ఇంజను బొమ్మగల పసుపు దీపము వెలిగినది. మెకానిక్కు ఒక చిన్న యంత్రమును తగిలించి చూచి, ఆక్సిజన్ సెన్సరు చెడిపోయినదని చెప్పి కొత్తది వేశాడు. మూడు వారాలు తిరుగకముందే దీపము మరల వెలిగినది. ఇంకొక సెన్సరు వేశారు. మరల అదే కథ. ప్రతిదినము ఎక్కే మెట్టవల్లనే ఇంజను పాడయినదని ఆయన అభిప్రాయము. భౌతికశాస్త్రము చెప్పేవాడికి కార్ల మరమ్మతు కూడా తెలిసి ఉంటుందని ఆయనకు మరొక అభిప్రాయము. ఈ రెండవది నిజము కాదుగాని, ఆ దీపము చరిత్ర కొంత చదివి ఉన్నందున నాకది అక్కరకు వచ్చినది.

చిత్రమేమనగా, ఆ దీపము పుట్టుకకు కారణమైనది కూడా ఒక సినిమా నగరమే. అమెరికాలో హాలీవుడ్ ఉన్న లాస్ ఏంజిలిస్ నగరమును 1943 జులైలో ఒకరోజున దట్టమైన పొగమంచు వంటిది కమ్ముకొన్నది. కండ్లు మండినవి, గొంతులు పట్టుకొన్నవి. యుద్ధకాలము గనుక జపానువారు విషవాయువును ప్రయోగించారేమోనని కొందరు భయపడ్డారు. తరువాత కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారముపై నింద పడినది. దానిని కొంతకాలము మూయించారు. పొగ పోలేదు.

అసలు దోషిని పట్టినవాడు హాలండులో పుట్టి కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన హాగెన్ స్మిట్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయన అంతకు ముందు అనాసపండు వాసనకు కారణమైన పదార్థాలను పరిశోధించినవాడు. కార్ల నుండి వెలువడే, పూర్తిగా కాలని హైడ్రోకార్బన్లపైన, నత్రజని ఆక్సైడులపైన ఎండ పడినప్పుడు ఓజోను మొదలైన ఘాటువాయువులు ఏర్పడుతాయని ఆయన 1952లో ప్రకటించాడు. 1966 నమూనా కార్లతో మొదలుపెట్టి కాలిఫోర్నియా రాష్ట్రము పొగగొట్టముపై ఆంక్షలు విధించినది. 1967లో ఏర్పడిన అక్కడి వాయు వనరుల మండలికి హాగెన్ స్మిట్ తొలి అధ్యక్షుడు.

ఆంక్ష విధించడము ఒక ఎత్తు, దానిని తీర్చడము మరొక ఎత్తు. పొగగొట్టములో ప్లాటినము వంటి లోహముల పూతగల ఉత్ప్రేరకమును అమర్చితే మూడు కల్మషాలూ ఒకేసారి తగ్గుతాయి. కాని ఒక భాగము పెట్రోలుకు బరువులో ఇంచుమించు 14.7 భాగాల గాలి కలిసినప్పుడే ఆ పని చక్కగా జరుగుతుంది. ఇటు అటు కొద్దిగా జరిగినా చెడుతుంది. ఈ పాళ్ళను క్షణక్షణము కనిపెట్టి చెప్పే సాధనమును జర్మనీలోని బాష్ కంపెనీ తయారుచేయగా, 1976లో వోల్వో కార్లలో మొదట వాడారు. అదే ఆక్సిజన్ సెన్సరు.

దీని నిర్మాణమును విద్యార్థులు తెలిసికొనవలెను. జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థముతో చేసిన చిన్న తొడుగు, దానికి లోపల వెలుపల ప్లాటినము పూత. వెలుపలి వైపు ఇంజను పొగ, లోపలి వైపు బయటి గాలి. సుమారు 300 డిగ్రీలకు పైగా వేడెక్కినప్పుడు జిర్కోనియాగుండా ఆక్సిజన్ అయాన్లు కదలగలవు. రెండు వైపుల ఆక్సిజన్‌లో గల తేడానుబట్టి విద్యుత్పీడనము పుడుతుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకుంటే 0.9 వోల్టు, మిగిలి ఉంటే 0.1 వోల్టు. సెన్సరు చెప్పగలిగినది ఇంతే. ఆ ఆక్సిజన్ ఎక్కడినుండి వచ్చినదో అది ఎరుగదు.

ఈ సెన్సరు మాట విని పెట్రోలును హెచ్చించి తగ్గించే కంప్యూటరు తరువాత వచ్చినది. కారు కొత్తగా ఉన్నప్పుడు ఎంత శుభ్రముగా ఉన్నా, ఏండ్లు గడిచిన కొద్దీ పొగ పెరిగితే ఎవరికి తెలుస్తుంది? అందుచేత కాలిఫోర్నియా 1988 నమూనా కార్లనుండి దోషమును కారే కనిపెట్టి దీపము వెలిగించవలెనని శాసించినది. 1996 నుండి అమెరికా అంతటా కొత్త కార్లకు ఒకే రకపు దోషసంఖ్యలు నిర్ణయమైనవి. కనుక ఈ దీపము యజమాని సౌకర్యముకోసము పుట్టినది కాదు. పదిమంది పీల్చే గాలికోసము పుట్టినది. దాని సంఖ్య ఏ భాగమును మార్చవలెనో చెప్పే చీటీ కాదు, ఏ కొలత గతి తప్పినదో చెప్పే చీటీ.

మన దేశమునకు ఇది ఆలస్యముగా వచ్చుటకు కారణము సీసము. పెట్రోలులో సీసము ఉన్నంతవరకు ఉత్ప్రేరకముగాని, సెన్సరుగాని బ్రతుకవు. 1995లో నాలుగు మహానగరాలలో సీసము లేని పెట్రోలు ప్రవేశించినది. 2000 నాటికి దేశమంతటా సీసపు పెట్రోలు నిలిచిపోయినది. మషేల్కర్ సంఘము సిఫార్సుల ననుసరించి హైదరాబాదు 2003లో భారత్ రెండవ దశకు, 2005లో మూడవ దశకు, 2010లో నాలుగవ దశకు చేరినది. నాలుగవ దశ కార్లకు 2010 నుండి తొలి తరగతి దోషపరీక్షా విధానము, 2013 నుండి రెండవ తరగతి విధానము తప్పనిసరి అయినవి. మద్రాసునుండి చిత్రపరిశ్రమ తరలివస్తూ ఉన్న రోజులలో ఈ కొండలెక్కిన అంబాసిడర్లకు, ఫియట్లకు కార్బురేటరే గతి. మెకానిక్కు చెవితోను ముక్కుతోను రోగము కనిపెట్టేవాడు. ఆ విద్య ఇప్పుడు అనవసరమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను.

మిత్రుని కారు సంఖ్య పి 0171. అనగా మిశ్రమములో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని కంప్యూటరు భావన. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కంప్యూటరు నూటికి ఇరవై పాళ్ళకు మించి పెట్రోలును అదనముగా ఇస్తున్నది. మెట్ట ఎక్కేటప్పుడు మాత్రము దాదాపు ఏమీ ఇవ్వడము లేదు. సెన్సరే చెడితే ఈ తేడా ఎందుకు? పైగా తెల్లవారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు వినబడి, వేడెక్కగానే ఆగిపోతున్నది.

మరునాడు ఇంజను చల్లగా ఉండగానే పొగగొట్టపు చివరనుండి బ్లోయరుతో గాలి ఊది, ఇంజనుకు గొట్టము కలిసే అతుకుమీద సబ్బునీళ్ళు పోశాము. బుడగలు లేచినవి. అక్కడి గాస్కెట్టు చీలి ఉన్నది. ఇంజను మందముగా తిరిగేటప్పుడు పొగ దెబ్బదెబ్బగా వస్తుంది. రెండు దెబ్బల నడుమ గొట్టములో ఒత్తిడి బయటి గాలికన్న తగ్గి, ఆ చీలికగుండా గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సరు ఆ ఆక్సిజన్‌ను చూచి, ఉన్నదున్నట్లు చెప్పినది. మెట్టమీద పొగ ఒత్తిడి హెచ్చుగా ఉండి బయటికే తన్నుతుంది గనుక అక్కడ లోపము కనబడదు. కారు గారేజికి చేరేసరికి లోహము వ్యాకోచించి చీలిక మూసుకొంటుంది. పాపము, మెట్ట నిర్దోషి!

కొత్త గాస్కెట్టు ఖరీదు ఒక సెన్సరు ఖరీదులో చాలా చిన్న భాగము. తీసివేసిన రెండు సెన్సర్లను మిత్రుడు మా ప్రయోగశాలకు ఇచ్చారు. ఒకదానిని పటకారుతో పట్టి గ్యాసు బర్నరు మంటలో ఉంచి తీగెలకు వోల్టుమీటరు తగిలించగా ముల్లు 0.8 దాటినది. మంటనుండి తీయగానే సున్నకు చేరువగా పడిపోయినది. రెండవదీ అంతే. ఆ రెండు సెన్సర్లతో ఈ సంవత్సరము విద్యార్థులు ప్రయోగము చేస్తున్నారు.