తరము: ఒక మాట, పలు లెక్కలు

తెలుగులో ‘తరము’ ఒక్క అర్థానికి కట్టుబడిన మాట కాదు. ‘నా తరమా?’ అన్నప్పుడు అది శక్తి. మద్రాసు రాజధాని రైత్వారీ లెక్కల్లో సాగుభూమికి కట్టిన తరగతి. ‘తాతల తరము’ అన్నప్పుడు వంశక్రమంలో ఒక మెట్టు. చరిత్రలో ఎక్కువ వివాదానికి తావిచ్చినది ఈ మూడవ అర్థమే.

ధర్మశాస్త్రము తరాన్ని ఏండ్లతో కాక సంబంధంతో కొలిచింది. శ్రాద్ధంలో పిండము తండ్రి, తాత, ముత్తాతలకు. మితాక్షర సాపిండ్యాన్ని తండ్రివైపు ఏడు, తల్లివైపు ఐదు తరాలుగా లెక్కించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టము వాటిని ఐదుకు, మూడుకు కుదించింది. మితాక్షర కుటుంబంలో పుట్టుకతో వచ్చే ఆస్తిహక్కు కొడుకు, మనుమడు, మునిమనుమల వరకే. కుమార్తె ఆ లెక్కకు రాలేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ చట్టము, 1985 నాటికి పెండ్లికాని కుమార్తెలకు ఆ హక్కు కల్పించింది. 2005లో పార్లమెంటు దేశమంతటా కుమార్తెలను కుమారులతో సమము చేసింది.

సాహిత్యంలో లెక్క వేరు. నన్నయ 11వ శతాబ్దివాడు, తిక్కన 13వ శతాబ్దివాడు, ఎఱ్ఱన 14వ శతాబ్దివాడు. వంశగణనలో వారి నడుమ పెక్కు తరాలు. భారత రచనలో మాత్రము వరుసగా మూడు చేతులు. పుట్టిన ఏడు ఒకటైనంత మాత్రాన తరము కాదని, చారిత్రకానుభవాన్ని కలిసి పంచుకొన్నప్పుడే అది ఏర్పడుతుందని కార్ల్ మన్‌హైమ్ 1928లో వాదించాడు.

కనుక పాత తరము, కొత్త తరము అని విభజించే విమర్శకుడు ఏండ్లకు ముందు మరొకటి చూడాలి: ఆ లెక్కలో ఎవరు చేరారు, ఎవరు మిగిలిపోయారు? కుమార్తెను లెక్కించడానికి చట్టానికి ఎంతకాలము పట్టిందో సాహిత్య చరిత్ర మరువరాదు.