పడవ గ్రంథాలయం నుండి వికీపుట దాకా

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కాలువగట్ల పల్లెలకు చేర్చారు. ఆనాడు గ్రంథాలయం పాఠకుని చెంతకు వెళ్లింది. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ ఆరంభించిన వికీ పాఠకుణ్ణే రచయితగా, పరిష్కర్తగా మార్చింది.

తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకపు పుట ప్రతిబింబం పక్కనే దాని పాఠం ఉంటుంది. ఒకరు తప్పులు దిద్దితే మరొకరు సరిచూచి ఆమోదిస్తారు. ప్రతి మార్పూ నమోదవుతుంది.

ఈ పద్ధతి గ్రంథాలయ సిబ్బందికీ అవసరమే. ఏ బీరువాలో ఏ పత్రిక సంపుటి ఉన్నదో, ఏ సంచిక లోపించిందో ఎరిగిన గ్రంథపాలకుడు పదవీ విరమణ చేస్తే ఆ ఎరుక ఆయనతోనే పోతుంది. దానిని వికీపుటకెక్కిస్తే తరువాతివారికి దారి దొరుకుతుంది. ఊరి చరిత్ర తెలిసిన పాఠకుడు లోపాలను పూరించగలడు. సరిచూచే బాధ్యత మాత్రం గ్రంథపాలకునిదే. ప్రజల చందాలతో నిలిచిన ఉద్యమానికి ఇది సహజమైన కొనసాగింపు.