నారింజ వెలుగు రాయికి మూడు పేర్లు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఫ్రాంక్లిన్ జింకు గని ఉండేది. అక్కడి రాళ్లను చీకటి గదిలో పెట్టి అతినీలలోహిత దీపం వేస్తే విల్లెమైట్ ఆకుపచ్చగా, కాల్సైట్ ఎర్రగా వెలుగుతాయి. చూసేవారికి అదొక వేడుకే కానీ, గనివాళ్లకు మాత్రం పని. వేరుచేసి పారబోసే వ్యర్థంలో జింకు ఖనిజం కొట్టుకుపోతోందేమో కనిపెట్టడానికి ఇనుప ఆర్క్ దీపాలు వాడేవారు. అదే గని రాళ్లలో చాలా అరుదుగా, మామూలు వెలుతురులో బూడిద తెలుపుగా ఉండి దీపం కింద నారింజ రంగుకు తిరిగే ఖనిజం ఒకటి దొరికింది. దానికి స్వాబైట్ అని చీటీ అంటించారు.

స్వాబైట్‌ది అసలు స్వీడన్. 1891లో అక్కడి హార్స్టిగెన్ గని నుంచి ఈ కాల్షియం ఆర్సెనేట్‌ను ఖనిజ శాస్త్రవేత్త షోగ్రెన్ లోకానికి పరిచయం చేశాడు. గనుల అధికారి ఆంటన్ ఫాన్ స్వాబ్ పేరు దానికి పెట్టాడు. 1748లో సాలా వెండి గనిలో సహజ ఆంటిమొనీని గుర్తించింది ఆ స్వాబే. మన పళ్లలో, ఎముకల్లో ఉండే అపటైట్ ఖనిజానికి స్వాబైట్ దాయాది. స్ఫటికం అమరిక అదే, ఫాస్ఫరస్ ఉండవలసిన చోట ఆర్సెనిక్ ఉంటుంది, అంతే.

చిక్కు ఆ అమరికలోనే ఉంది. స్ఫటికంలో ఫ్లోరిన్‌కు కేటాయించిన చోటులో హైడ్రాక్సిల్ అయినా, క్లోరిన్ అయినా ఇమిడిపోతుంది. పై రూపం మాత్రం మారదు. 1980లో ఖనిజ శాస్త్రవేత్తలు పీట్ డన్, డొనాల్డ్ పీకర్, నాన్సీ న్యూబెరీ ఫ్రాంక్లిన్ రాయిని విశ్లేషించి, అందులో హైడ్రాక్సిల్‌దే పైచేయి అని తేల్చారు. దాన్ని కనుగొన్న గని భూగర్భ శాస్త్రవేత్త జాన్ బామ్ పేరు మీద అది జాన్‌బామైట్ అయింది. క్లోరిన్ ఎక్కువున్న మూడోది 1985లో టర్నోరైట్ అయింది.

దీపం ఈ తగువు తీర్చలేదు. నారింజ వెలుగు సాధారణంగా కాల్షియం స్థానంలో చేరిన కొద్దిపాటి మాంగనీసు వల్ల వస్తుంది. ఆర్సెనిక్ లేని అపటైట్‌లోనూ అదే మాంగనీసు అదే రంగు వెలిగిస్తుంది. రంగు చూసి పేరు రాసేయడం సేకర్తలకు పాత జబ్బు. సందేహం పుట్టించడం వరకే దీపం పని. ఏ మూలకం ఎంతుందో ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ లాంటి పరికరమే చెప్పాలి.

రాయిని చేత్తో పట్టుకుంటే ప్రమాదమేమీ లేదు, ఆర్సెనిక్ స్ఫటికంలో బంధించి ఉంటుంది. పట్టుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు. భయపడవలసింది దుమ్ముకు: తడపకుండా కోయకూడదు, నూరకూడదు. బొగ్గు మీద కాల్చి వెల్లుల్లి వాసన వస్తోందా అని చూసే పాత పరీక్షకు ఇప్పుడు అవసరం లేదు, ఆ పొగ విషం. చుట్టూ ఉన్న కాల్సైట్‌ను కరిగిద్దామని ఆమ్లంలో వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆర్సెనేట్ కూడా కరిగి ఆ ద్రవంలోకి దిగుతుంది. అందులో జింకు లోహం పడిందా, ఆర్సీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది.

హ్రస్వ తరంగ అతినీలలోహిత దీపాన్ని రక్షణ కళ్లద్దాలు లేకుండా వాడకూడదు. మామూలు గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి మ్యూజియం అల్మరాల్లో దీపాన్ని గాజుకు లోపలివైపు బిగిస్తారు.

ఫ్రాంక్లిన్ గని 1954లో మూతపడింది. స్వాబైట్ అని రాసిన పాత చీటీలు సేకరణల్లో ఇంకా ఉన్నాయి. పేరు మారినా ఆ చీటీని పారేయరు, దాని పక్కనే కొత్తది చేరుస్తారు.