స్లావిక్ భాషల్లో ఎలుగుబంటి: ఒక మారుపేరు చరిత్ర

ఎలుగుబంటిని రష్యన్‌లో ‘మెద్వేద్’ అంటారు. చెక్, క్రొయేషియన్ భాషల్లో ‘మెద్వ్యెద్’, స్లొవీన్‌లో ‘మెద్వెద్’, పోలిష్‌లో ‘న్యెజ్‌వ్యెజ్’, ఉక్రెయినీలో ‘వెద్‌మీద్’. రష్యా మాజీ అధ్యక్షుడు ద్మిత్రీ మెద్వెదెవ్ ఇంటిపేరులో ఉన్నదీ ఈ జంతువే. తూర్పు, పశ్చిమ, దక్షిణ శాఖలు మూడింటిలోనూ కనిపిస్తున్న ఈ రూపాల నుంచి భాషాశాస్త్రవేత్తలు *మెద్వేది అనే మూలస్లావిక్ పదాన్ని పునర్నిర్మించారు. స్లావులు క్రీ.శ. 6, 7 శతాబ్దాల్లో ఐరోపాలో విస్తరించక ముందే ఈ పదం స్థిరపడి ఉండాలి. కార్పాతియన్ మైదానంలో స్లావుల పొరుగున స్థిరపడిన హంగేరియన్లు కూడా దీన్ని ‘మెద్వె’ అని అరువు తెచ్చుకున్నారు.

అయితే ఇది ఎలుగుబంటికి మొదటి పేరు కాదు. అంతకు ముందున్న ఇండో-యూరోపియన్ పేరును స్లావిక్ వదులుకుంది. ఎందుకు వదులుకుందన్న ప్రశ్నకు ‘మాటల నిషేధం’ అనే జవాబు నూరేళ్లకు పైగా ప్రచారంలో ఉంది. ఆ జవాబులో రుజువైనదెంత, ఊహించినదెంత అని తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదనిర్మాణం

*మెద్వేది రెండు పదాల సమాసం. మొదటిది *మెదు, అంటే తేనె. ఇది సంస్కృత ‘మధు’ శబ్దానికి జ్ఞాతి. రెండోది ‘తిను’ అనే అర్థం గల *ఏద్ ధాతువు, సంస్కృత ‘అద్’ ధాతువుకు జ్ఞాతి. రెండూ కలిస్తే ‘తేనె తినేది’. సంధి జరిగిన తీరు తెలుగు పాఠకుడికి బాగా పరిచయమైనదే: ఉకారానికి అసవర్ణమైన అచ్చు పరమై వకారం వచ్చింది. వ్యాకరణాల్లో యణాదేశానికి ఉదాహరణగా ఇచ్చే ‘మధ్వరి’లో జరిగినదీ ఇదే.

ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలో ‘మధ్వద’ శబ్దం ఉంది. అవయవాలు రెంటిలోనూ అవే. కానీ అక్కడ అది చెట్టు మీది పక్షులకు విశేషణం, ఎలుగుబంటి ప్రసక్తే లేదు. కాబట్టి ఒకే పదం రెండు చోట్లా మిగిలిందనడం కంటే, ఉమ్మడి సామగ్రితో ఎవరికి వారు కట్టుకున్న సమాసాలనడం సబబు. సంస్కృతంలో ‘అద్’ హ్రస్వం, స్లావిక్‌లో ‘ఏద్’ దీర్ఘం. ఈ తేడాకూ కారణం ఉంది. బాల్టిక్, స్లావిక్ భాషల్లో కొన్ని నాద స్పర్శాల ముందు అచ్చు దీర్ఘమవుతుందని వెర్నర్ వింటర్ 1978లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించాడు. లితువేనియన్‌లోనూ ‘తినడం’ దీర్ఘంతో ‘ఏస్తి’ అనే ఉంటుంది.

లోకనిరుక్తి

రష్యన్లు చాలామంది ఈ పదాన్ని ‘మెద్ + వేద్’ అని విడదీసి, ‘తేనె జాడ తెలిసినది’ అని అర్థం చెప్పుకుంటారు. ‘వేద్’ మన ‘వేదం’, ‘విద్య’ల ధాతువే గనుక ఈ వ్యుత్పత్తి వినసొంపుగా ఉంటుంది. ఉక్రెయినీ ‘వెద్‌మీద్’ దానికి మరింత ఊతమిస్తుంది. అయినా ఇది నిలవదు. ‘తెలిసినవాడు’ అనే అర్థంలో ‘వేద్’ చేరే రష్యన్ సమాసాల్లో నడుమ ‘ఒ’కారం వస్తుంది: ‘యజిక్’ అంటే భాష, ‘యజికొవేద్’ అంటే భాషావేత్త. అలాంటప్పుడు ‘మెదొవేద్’ అని ఉండాలి. వకారం రెండో పదానికి చెందినది కాదు, ‘మెదు’లోని ఉకారం మారగా వచ్చినది. తర్వాతి కాలంలో రష్యన్‌లో ‘తేనె తినేది’ అనే అర్థంతో మరో జంతువుకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ‘మెదొయేద్’ అన్నారు. పాత సమాసంలోని అతుకు వక్తలకు అప్పటికే కనిపించడం మానేసిందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

కనుమరుగైన పదం

పాత ఇండో-యూరోపియన్ పదానికి వారసులు చాలా భాషల్లో ఉన్నారు: సంస్కృత ‘ఋక్ష’, గ్రీకు ‘అర్క్తొస్’, లాటిన్ ‘ఉర్సుస్’, ఆర్మేనియన్ ‘అర్జ్’, వెల్ష్ ‘అర్త్’. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అనడంలో మనకు వినిపించేది ఆ పదమే. ఉత్తరాదిన మూడు శాఖల్లో మాత్రం అది ఎలుగుబంటి పేరుగా మిగల్లేదు. స్లావిక్‌లో ‘తేనె తినేది’ వచ్చింది. జర్మానిక్‌లో ‘గోధుమరంగుది’ అని ఎక్కువమంది వివరించే పదం వచ్చింది. లితువేనియన్‌లో ‘లొకీస్’ వచ్చింది, దాని వ్యుత్పత్తిపై ఏకాభిప్రాయం లేదు. పశ్చిమాన ఐరిష్‌లోనూ ‘మంచి దూడ’ అనే అర్థమిచ్చే సమాసం ఎలుగుబంటికి పేరైంది.

వీటిని ఒకచోట చేర్చి ఆంత్వాన్ మెయ్యే 1906లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. వేటగాళ్లు మృగం అసలు పేరు పలికితే అది విని వస్తుందని, లేదా తప్పించుకుపోతుందని నమ్మారు. అందుచేత మారుపేరు వాడారు, క్రమేణా అసలు పేరు మరుగున పడింది. ఇలాంటి ఆచారం మనకు కొత్త కాదు. పాము అనకుండా ‘పురుగు’ అనడం, ‘పురుగు ముట్టింది’ అని చెప్పడం తెలుగు పల్లెల్లో వినేదే. రష్యన్‌లో పాముకున్న ‘జ్మెయా’ అనే పేరు కూడా నేల అనే అర్థమున్న ‘జెమ్ల్యా’కు సంబంధించినదే, అంటే అదీ మారుపేరే.

అయితే పాత పదం లేకపోవడం ఒక్కటే నిషేధానికి రుజువు కాజాలదు. ఏ కారణమూ లేకుండానే మాటలు మారుతుంటాయి. ఎలుగుబంట్లు ఎక్కువగా ఉన్నచోట భయం పుట్టి పేరు మారిందనడమూ సరిపోదు. గ్రీసు, ఆర్మేనియా కొండల్లోనూ గోధుమరంగు ఎలుగుబంట్లు ఉన్నాయి, అక్కడ పాత పేరు చెక్కుచెదరలేదు. అంటే జంతువు ఉనికి కంటే దాని చుట్టూ అల్లుకున్న ఆచారం ముఖ్యం. ఆ ఆచారానికి స్లావిక్‌లో వేరే ఆధారం చూపాలి.

మారుపేరుకు మారుపేర్లు

ఆ ఆధారం *మెద్వేది తర్వాతి చరిత్రలో దొరుకుతుంది. మారుపేరు అసలు పేరుగా స్థిరపడగానే నిషేధం దానికీ వర్తించాలి. రష్యన్‌లో అదే జరిగింది. ఎలుగుబంటిని ‘మీషా’ అనీ, తండ్రి పేరుతో కలిపి ‘మిఖయీల్ పతాపిచ్’ అనీ, తొక్కుకుంటూ నడిచేది గనుక ‘తప్తీగిన్’ అనీ, వంకరపాదాలది గనుక ‘కసలాపి’ అనీ పిలిచారు. తూర్పు ఐరోపా, ఉత్తర ఆసియా జనుల మాటల నిషేధాలపై ద్మిత్రీ జెలెనిన్ 1929, 1930లలో రెండు భాగాలుగా వెలువరించిన అధ్యయనంలో వేటగాళ్ల మారుపేర్లను విస్తారంగా సేకరించాడు. స్లావిక్ కుటుంబానికి బయట ఫిన్నిష్‌లోనూ ఎలుగుబంటికి ‘తేనె అరచెయ్యి’ అనే పేరుంది. 1980 మాస్కో ఒలింపిక్స్ చిహ్నమైన ఎలుగు పిల్ల ‘మీషా’లో అలాంటి పేరే నిలిచింది, భయం మాత్రం లేదు.

ధ్వనిమార్పుల సాక్ష్యం ఇంత గట్టిది కాదు. ఉక్రెయినీలో మ, వ తారుమారయ్యాయి. పోలిష్‌లో మొదటి మకారం నకారమైంది. ఫుట్‌బాల్ ఆటగాడు పావెల్ నెద్వ్యెద్ ఇంటిపేరును బట్టి చెక్‌లోనూ అలాంటి రూపం ఉండేదని తెలుస్తుంది. పేరును కావాలనే వికృతం చేశారని కొందరి వాదన. కానీ మకారం, వకారం రెండూ ఓష్ఠ్య ధ్వనులు. దగ్గర దగ్గరగా వచ్చిన అలాంటి ధ్వనుల్లో ఒకటి మారిపోవడం, రెండూ చోటు మార్చుకోవడం భాషల్లో మామూలే. విషమీకరణం, వర్ణవ్యత్యయం చాలిన చోట నిషేధాన్ని రప్పించనక్కర్లేదు. బల్గేరియన్, మాసిడోనియన్ భాషల్లో వ్యవహారంలో ఉన్న ‘మెచ్కా’ను చాలామంది *మెద్వేదికి కుదించిన ముద్దురూపంగా భావిస్తారు. అది సరైతే ఈ రెండు భాషల్లో పొట్టి పేరు పూర్తి పేరును పక్కకు నెట్టిందన్నమాట.

ముగింపు

ఈ చర్చలో మూడు స్థాయుల నిశ్చయం ఉంది. ‘తేనె తినేది’ అనే వ్యుత్పత్తి ధ్వనిసూత్రాలతో రుజువైనది. ఆ పేరు స్లావులు విడిపోకముందు పుట్టిందన్నది మూడు శాఖల సాక్ష్యంతో నిలిచేది. పాత పదం నిషేధం వల్లనే పోయిందన్నది మాత్రం అనుమానం, అంటే తర్కశాస్త్రార్థంలో హేతువును బట్టి చేసిన నిర్ణయం. దానికి బలమైన హేతువు పాత పదం కనిపించకపోవడం కాదు, కొత్త పదాన్ని కూడా వేటగాళ్లు తప్పించుకు తిరగడం. అందువల్ల మాటల నిషేధం గురించి వాదించేవారు పోయిన పదం దగ్గర ఆగిపోకుండా, దాని స్థానంలోకి వచ్చిన పదాన్ని జనం ఎలా వాడారో కూడా పరిశీలించాలి. పోయిందనుకున్న పాత పదం రష్యన్‌లోకి మరో దారిన వచ్చింది. ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని రష్యన్లు ‘ఆర్క్తికా’ అంటారు. సప్తర్షి మండలాన్ని ఎలుగుబంటిగా చూసిన గ్రీకుల ‘అర్క్తొస్’ దానికి మూలం. ఈ పదాన్ని పలకడానికి ఎవరూ జంకలేదు, ఎందుకంటే అప్పటికి అది ఏ జంతువునూ పిలిచే పేరు కాదు.