ఇంజను నీరు – అయస్కాంతము

ఇంజనునకు పోయు నీటిని అయస్కాంతముల నడుమగా పంపినచో ఇంజను బాగుగా చల్లబడునా అని మమ్ము అడుగువారు కలరు. లారీ నడుపువానికి ఇది వినోదపు ప్రశ్న కాదు. నడిదారిలో ఇంజను వేడెక్కి ఆగినచో ఆనాటి సంపాదన పోయినట్లే. కావున ఈ ఊహ ఎట్లు పుట్టినదో ముందుగా మనవి చేసెదము.

దీని పుట్టుక చలువలో లేదు, పెచ్చులో ఉన్నది. కఠినజలము కాచిన కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన గృహిణులు ఎఱిగినదే. నీటిలో కరగియున్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, కార్బనేటుగా మాఱి, లోహమునకు అంటుకొనును. ఆవిరి బాయిలర్లకు ఇదియే పెద్ద బెడద. పెచ్చు ఇనుమువలె వేడిని సాగనీయదు. అందుచే బొగ్గు వృథా అగును. గొట్టములు మితిమీరి కాగి చెడును.

ఈ బెడదకు విద్యుత్తును, అయస్కాంతమును విఱుగుడుగా వాడు ఊహలకు 19వ శతాబ్దిలోనే అమెరికాలో పేటెంట్లు లభించినవి. 1945లో బెల్జియము దేశీయుడైన వెర్మైరెన్ తన పద్ధతికి పేటెంటు పొందెను. 1960ల నాటికి సోవియట్ దేశమున ఇది విరివిగా వాడుకలోనికి వచ్చెను. క్లాసెన్ అను శాస్త్రజ్ఞుడు దీనిపై గ్రంథమునే వ్రాసెను. అయినను ఫలితములు ఏకముఖముగా లేవు. ఒకచోట పెచ్చు తగ్గినదనిరి; మఱియొకచోట ఏ మార్పును కానరాలేదనిరి. 1996లో బేకర్, జడ్ అను పరిశోధకులు ఈ పరస్పర విరుద్ధ ఫలితములను సమీక్షింపవలసి వచ్చెను.

ఇక చలువ మాట. ఒక కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 4.2 కిలోజౌళ్ల ఉష్ణమును గ్రహించును. ఇంజను వేడిని మోయునది ఈ గుణమే. అయస్కాంతము నీటిని అత్యల్పముగా వికర్షించునను సంగతి ఫారడే 1845లోనే చూపెను. కాని ఆ స్వల్పశక్తి నీటి ఉష్ణగ్రహణమును పెంచదు. చలువలో నిజమైన ముందడుగు వేఱొక దారిని వచ్చెను. 1900 ప్రాంతమున మేబాక్ వేలకొలది సన్నని గొట్టములతో తేనెపట్టు వంటి రేడియేటరును నిర్మించి, గాలికి తగులు వైశాల్యమును పెంచెను.

మోటారు బండిలో అదే నీరు మరల మరల తిరుగుచుండును. కావున మనము క్రొత్తగా పోసిన నీటితోనే క్రొత్త సున్నము లోనికి వచ్చును. మాటిమాటికి బావినీరు పోయుచు, గొట్టమునకు అయస్కాంతము కట్టి నిశ్చింతగా ఉండుట ప్రమాదము. నీరు ఎక్కడ కారుచున్నదో వెదకుడు. తయారీదారు చెప్పిన కూలెంటునే పోయుడు. రేడియేటరు నడుమ చిక్కిన దుమ్మును దులుపుడు. ఫ్యాను బెల్టు బిగువు చూడుడు. అయస్కాంతమునకు పెట్టదలచిన సొమ్మును ముందుగా ఈ పనులకు వెచ్చింపుడని మా మనవి.